తొలి గానుగ నూనె

"నన్ను ఊరొదిలి పొమ్మంటన్నారు మేడమ్. నా నూనే రమణిని సంపేసిందంట," అంది సోని ఫోన్లో.

కానుగ గింజల నూనెలో రసాయనం కలిపి, మడ్డి తీసి, కొండమీది తమ ఊరి జీపుకి బయోడీజిల్ తయారుచేసేది సోని. నొప్పులతో ఉన్న రమణిని ఆ జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డులో ఇంజను ఆగిపోయింది. తల్లీ బిడ్డా దారిలోనే పోయారు. ఊరికి తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా, సోని దొరికింది.

విశాఖపట్నం డిటెక్టివ్ కనకమహాలక్ష్మి, ఆమె సహాయకుడు నరేష్ మధ్యాహ్నానికి అరకు దాటి ఆ ఊరు చేరారు.

"డీజిల్ కొట్టు వరహాలరావు పనే మేడమ్. సోని వల్ల అతని బేరం పడిపోయింది," అన్నాడు నరేష్.

కనకమహాలక్ష్మి జీపు ఫిల్టరు విప్పించింది. లోపల గింజల పిప్పితో చిక్కటి నూనె పేరుకుపోయింది. ట్యాంకు మూతకి పసుపు, కుంకుమ ఉన్నాయి.

"ఈ బొట్లు నువ్వు పెట్టావా సోనీ?"

"లేదండి."

"ఈ ఏటి గింజలు ఆడించారా?"

"తొలి నూనె మట్టుకే ఆడినారండి, అమ్మోరికి పెట్టేదాకా ఎవులం ముట్టుకోం. ఆ పూజ సోములమ్మత్త సేతిమీదే జరగాల. నాను పోసింది నిరుటి గింజలదే."

ఆవిడ మూత మీది బొట్లు మళ్లీ చూసింది. తర్వాత అందరినీ జీపు దగ్గరికి పిలిపించింది.

"గింజల నూనెతో బండి నడుస్తుందా? నేను ముందే చెప్పాను," అన్నాడు వరహాలరావు.

"నడుస్తుంది. సోని నూనె నీళ్లలా పల్చన, పిప్పి ఉండదు. ఫిల్టరుని మూసేసింది శుద్ధి చేయని తొలి నూనె. అది మీ కొట్టులో లేదు. ఊళ్లో ఒక్కరి దగ్గరే ఉంది."

ఆవిడ ఇక చెప్పకపోతే బాగుండునని నరేష్‌కి మొదటిసారి అనిపించింది.

రమణి తల్లి సోములమ్మ ముందుకొచ్చింది. "నానే పోసినానమ్మా. అమ్మోరికి ఎట్టగా సెంబులో మిగిలింది. బండికీ దీవెన తగలాల, నా గుంట రమణి బేగి ఆసుపత్రికి సేరాల అనుకున్నాను."

జనం వైపు తిరిగింది. "సోనిని పొమ్మన్నారు గదా. నన్ను పొమ్మనండి."

 సోని వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. సోములమ్మ విదిలించేసింది.

"బండికి ఆ నూనె పడదని ఒక్క మాట సెప్పుంటే పోసుందునేటే గుంటా?"

సోని తల దించుకుంది. ఆ మాట తనెప్పుడూ ఎవరికీ చెప్పి ఉండలేదు.