విజిబిలిటీ సున్నా

"కబురు అందకపోయినా ఆ పడవ వస్తుంది లూకా. సముద్రం తేటగా ఉందనో, క్యాన్సిల్ అనో అందితేనే వెనక్కి తిరుగుతుంది."

1999 జనవరి. సైనిక్‌పురిలో గూఢచారి విభాగం చీఫ్ పద్మనాభం బ్రీఫింగ్ అంతే. రేపు తెల్లవారుజామున విశాఖ బయట, పొగమంచు చాటున శత్రువులు ఆ పడవలో వచ్చి నీళ్ళలో మైన్లు పరచబోతున్నారు. ఆ దారినే వెళ్ళే నేవీ ఓడలో లూకా తమ్ముడు యేసురాజు ఉన్నాడు. ఇక లూకాకి కాలు ఒకచోట నిలుస్తుందా!

ఉద్యోగం ఊడి, బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల దళారీగా మారిన వాతావరణ నిపుణుడు. పదిహేను రోజులుగా ఇదీ అతని వేషం.

తొమ్మిదింటికి మేబెల్ దిగింది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. మన డిపార్ట్‌మెంటు జీతం, విదేశీ ముఠా జీతం రెండూ తీసుకునే మహాతల్లి. లూకా కూడా ఆ డిపార్ట్‌మెంటు వాడేనని మాత్రం ఆమెకి తెలీదు.

"రేపటి ఫోర్‌కాస్ట్ చెప్పండి లూకా గారూ. తొమ్మిదీ పదికి నంబర్ వెళ్ళిపోవాలి."

విజిబిలిటీ నంబర్ తొమ్మిదంటే తేటైన సముద్రం. సున్నా అంటే చాపిన చెయ్యి కనిపించని పొగమంచు.

"ఏడు," అన్నాడు లూకా.

మేబెల్ బ్యాగులోంచి విశాఖ వాతావరణం టెలిగ్రాం తీసింది. గాలి లేదు, తేమ నిండుగా ఉంది, నీళ్ళు చల్లగా ఉన్నాయి. పొగమంచు పట్టదని ఎవరు నమ్ముతారు? బ్యాగులో పిస్తోలు కూడా కనిపించింది.

"మళ్ళీ చెప్పండి."

"సున్నా." తమ్ముణ్ణి నా నోటితోనే ముంచేశానా దేవుడా అనుకున్నాడు.

పక్క కొట్టు తుకారాం ముఠా మనిషే. సొరకాయలో వైర్‌లెస్ దాచాడు. అంకె వస్తే అంకె, బేరం రద్దంటే క్యాన్సిల్ పంపాలి. అంతవరకే అతని డ్యూటీ. నోటితో చెబితే ఎవరైనా వింటారని, మార్కెట్ బేరంలా తువ్వాలు కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారు.

రెండడుగులు వేసి మేబెల్ ఆగింది. "ఒకటికి ఒక వేలు, సరే. సున్నాకి?"

లూకాకి ఊపిరి తిరిగొచ్చింది. "పిడికిలండీ. గట్టిగా మూసి పెట్టండి."

తొమ్మిదీ తొమ్మిది. తువ్వాలు కింద చేతులు కలిశాయి. తుకారాం నొసలు చిట్లించాడు.

"పక్కానా మేడం?"

"పక్కా."

అతను సొరకాయ తొడిమ తిప్పి కబురు పంపేశాడు. మరుక్షణం లూకా సైగగా తలపాగా విప్పాడు. బస్తాల వెనకనుంచి పోలీసులు లేచారు.

పడవ వెనక్కి తిరిగిందని స్టేషన్‌కి పద్మనాభం ఫోన్ చేసేసరికి, లూకా అందరిముందే ఏడ్చేశాడు.

బెంచీమీద మేబెల్ తుకారాంని పీక్కు తింటోంది. "నేను సున్నా చెబితే క్యాన్సిల్ పంపుతావా?"

"పిడికిలంటే బేరం లేదనే గద మేడం. మీరే జెర సోచాయించుండ్రి, సున్నాకు మాల్ ఎవడమ్ముతడు?"