పదిహేడో నంబరు బిళ్ళ

చీఫ్ ఒక ఇత్తడి బిళ్ళను టేబుల్ మీద పెట్టాడు. దాని మీద 17 అని చెక్కి ఉంది.

"నీ తమ్ముడిది."

డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్‌నేమ్ 'అక్క'. నిజంగా అక్కా అని పిలిచినవాడు ఒక్కడే. రెండేళ్ళ క్రితం "వెళ్ళొస్తానక్కా" అన్నప్పుడు ఆమె ఫైల్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అంది. వాడితో ఆమె ఆఖరి మాట ఆ "ఊఁ".

"రిసార్ట్ నుంచి దీవులకు టూరిస్టు బోటు వెళ్తుంది," అన్నాడు చీఫ్. "నీళ్ళలోకి దిగేవాళ్ళు బోర్డు మీది బిళ్ళ చేతికి కట్టుకుంటారు, తిరిగొచ్చి తగిలిస్తారు. బోటువాడు మనుషుల్ని చూడడు, బోర్డు చూస్తాడు. నీళ్ళలో పెనుగులాట జరిగింది, తెల్లటోపీ అనే ముఠావాడు మీవాడి బిళ్ళ లాక్కొచ్చి తగిలించాడు. మీవాణ్ణి సముద్రంలోనే వదిలేసి బోటు వెళ్ళిపోయింది."

ఆమె బిళ్ళ తీసి సంచీలో వేసుకుంది.

"ఇప్పుడు ఆ తెల్లటోపీ మెడలో వాటర్‌ప్రూఫ్ ట్యూబు, అందులో మన నలభైమంది ఏజెంట్ల లిస్టు. రేపు నాలుగింటికి దీవి పక్క బండ మీద విదేశీ స్పీడ్‌బోటుకి ఇస్తాడు. ఆ బోటూ దొరకాలి. వాడు మాత్రం ప్రాణాలతో కావాలి. నువ్వు సెలవు మీద వెళ్తున్నావు, అంతే."

మర్నాడు మోకాళ్ళ నొప్పుల టూరిస్టు వేషంలో బోటెక్కింది. బోర్డు మీద అన్ని మేకులకూ బిళ్ళలున్నాయి. పదిహేడో మేకు ఒక్కటే ఖాళీ.

ఎర్ర లిప్‌స్టిక్ గైడు చెవి దగ్గర వంగింది. ముఠాకీ, మనకీ కూడా పనిచేసే మనిషి.

"ఆ రోజు నేను చూశాను. నోరు మెదపలేదు."

"ఇప్పుడూ మెదపకు. చేతులు కదుపు."

అదే బోటులో ఉన్న తెల్లటోపీ వీపుకి గాలి సిలిండర్ బిగిస్తూ గైడు అతని మెడలోని ట్యూబు తీసి, అక్క ఇచ్చిన అలాంటిదే తగిలించింది. చేతికి కట్టిన బిళ్ళ ముడి వదులుగా వదిలేసింది. అతనికి ఏదో అనుమానం. ట్యూబు మూత మీద వేలు పెట్టాడు.

"నాయనా, ఈ కళ్ళద్దాలు ఎటువైపు పెట్టుకోవాలీ?" అక్క అతని మీదకు తూలింది.

"అబ్బా! అవతలికి పో పెద్దమ్మా!"

విసుగ్గా దూకేశాడు. బిళ్ళ గైడు గుప్పిట్లో మిగిలిపోయింది. అక్క దాన్ని తన చేత్తోనే దాని మేకుకి తగిలించింది.

నాలుగింటికి బైనాక్యులర్స్‌లో చూసింది. స్పీడ్‌బోటు వాళ్ళు బండ దగ్గర ట్యూబు విప్పారు. ఇత్తడి బిళ్ళ రాలింది, 17. కేకలు. మోసం చేశాడని తెల్లటోపీని బండ మీదే తోసేసి బోటు తిప్పారు. దీవి వెనక కాచుకున్న కోస్ట్‌గార్డ్ దాన్ని చుట్టేసింది.

పోటు మొదలైంది. బండ మునుగుతోంది.

బోటువాడు బోర్డు చూశాడు. "అందరూ వచ్చేశారు. పోదాం!"

బండ వైపు నుంచి గాలిలో అరుపు వినిపించింది. అక్క తల ఎత్తకుండా "ఊఁ" అంది.

కళ్ళజోడు కేసులో రేడియో గరగరలాడింది. "వాడేడీ?"

"బండ మీద ఉన్నాడు సార్. నడుం దాకా నీళ్ళు."

"ప్రాణాలతో కావాలన్నాను కదా!"

"మెడ దాకా రాగానే కోస్ట్‌గార్డ్ లాంచీ పంపిస్తాను సార్. అప్పటిదాకా నేను సెలవులో ఉన్నాను."