ఆకుల్లో పైడమ్మ

సన్యాసినాయుడు ఆకు కోసి మిషన్‌లో పెట్టి చెవి ఒగ్గాడు. పెళ్లాం గొంతు రావలసిన చోట, ఎవరో నీళ్లలో మునుగుతూ మాట్లాడినట్టు వచ్చింది. మరో ఆకు పెట్టాడు. అదీ అంతే. ఆకులు కూడా ఆకుల్లా లేవు. నూనెలో వేసిన అప్పడాల్లా బొబ్బలెక్కి, అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి.

విజయనగరం శివార్లలోని ఆ తోటలో ఉన్నవన్నీ నెమలినార చెట్లే. ఒక్కో చెట్టు ఒక్కో పోయిన మనిషిది. మనిషి బతికుండగా నాలుగు మాటలు రికార్డు చేసి, ఆ శబ్దాన్ని డీఎన్ఏ భాషలోకి మార్చి మొలకలోకి ఎక్కిస్తారు. మొలక చెట్టయ్యాక ప్రతి ఆకులోనూ ఆ మాటలే ఉంటాయి. ఆకు మిషన్‌లో పెడితే వినిపిస్తాయి. చచ్చినవాళ్ల గొంతులతో ఫోన్లు చేసి మోసాలు చేసే రోజులు కాబట్టి, అసలు రికార్డు చెరిపెయ్యాలనీ, మిషన్ కాపీ తియ్యకూడదనీ ప్రభుత్వం చట్టం చేసింది. దొంగలు దూరకుండా తలుపులన్నీ మూశారు గానీ ఇంట్లోవాళ్ల మాటేమిటని ఒక్కరూ అడగలేదు.

పైడమ్మ చెప్పినవి పెద్ద సంగతులేం కావు. జూట్ మిల్లు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్ని తినెయ్యక ముందు, "ఏటి మాటాడమంటారు, నా మొకం!" అని నవ్వి, "బువ్వ సల్లారిపోతంది, రండి" అంది. నాయుడు రోజూ పొద్దున్నే వచ్చి ఆ పిలుపు విని, ఇంటికెళ్లి చద్దన్నం తినేవాడు. పదేళ్లుగా అదే వరస.

ఈ విద్య కనిపెట్టిన డాక్టర్ హైమవతి కబురందగానే వచ్చింది. ఆకుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి తలెత్తింది.

"బూజు రోగం, నాయుడుగారూ. ఆకులోకి దూరి దాని కణాల్ని అడ్డదిడ్డంగా పెంచేస్తుంది. మాటలున్న చోట్లు కూడా చెదిరిపోతున్నాయి. తోటలో ఇంకే చెట్టుకీ లేదు, మీదానికే వచ్చింది. బయట చెట్టు ఆకు ఏదైనా ఇక్కడికి తెచ్చారా?"

నాయుడు జరిగింది చెప్పాడు.

"మొన్న తద్దినంనాడమ్మా. కాకికి ముద్ద పెడదామంటే తోటలో కాకుల్లేవు. రైలు గేటు కాడ ముసలి నెమలినార ఉన్నాది గదా, దానిమీద కాకులుంటాయి. ఒకే జాతి సెట్టు గదాని దాని ఆకులోనే పెట్టినాను. ఎంతకీ ముట్టవు. పైడమ్మకి నామీద కోపమేమోనని దండాలెట్టినాను. ఆకరికి ముట్టినాయి. ఆ సంబరంలో మిగిలిన మెతుకులు ఆకుతో సహా తెచ్చి దీని మొదట్లో పెట్టినాను. నానేటైనా తప్పు సేసినానా?"

హైమవతికి కోప్పడాలనిపించలేదు. చెట్టంతా ఎక్కి బూజుని చంపే మందు ఉందని చెప్పింది. ఆ తరవాత మాట కూడా చెప్పక తప్పలేదు.

"మాటల్ని చెట్టులోకి మొయ్యడానికి నేను వాడింది కూడా ఆ జాతి బూజే. రోగం తెచ్చే గుణం తీసేసి, సాధువుని చేసి వాడాను. ఆకుల్లో మాటల్ని ఇప్పటికీ పట్టి ఉంచుతోంది అదే. మందుకి ఆ తేడా తెలియదు. చెట్టు బతుకుతుంది, మాట పోతుంది. వెయ్యకపోతే తోట మొత్తానికి అంటుకుంటుంది."

"ఒద్దమ్మా! ముక్కుతూనో మూలుగుతూనో మాటాడతంది గదా!"

"మీరు సరేననే వరకూ వెయ్యను. కానీ ఆలస్యం చెయ్యకండి."

ఆ తరవాత కూడా నాయుడు రోజూ వచ్చి విన్నాడు. పిలుపులో అన్నం మాట చెరిగిపోయింది. నవ్వు చెరిగిపోయింది. మిగిలిన గొంతు ఈలవేసినట్టు గాలి పీల్చుకుంటూ, ఆసుపత్రి మంచంమీద ఆఖరి రోజుల్లో పైడమ్మ పడ్డ యాతనలాగే తయారైంది. అప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు పట్టుకోవడానికి చెయ్యి కూడా లేదు. చెట్టుకి నుదురు ఆనించి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఒకపాలి సచ్చిపోనాది సాలదా డాక్టరమ్మా? ఆ మందు ఇలాగియ్యి" అని తనే తీసుకుని మొదట్లో పోశాడు.

చెట్టు కోలుకుంది. కొత్త ఆకులు నున్నగా, పచ్చగా వచ్చాయి. పక్క చెట్లవాళ్లు తమవాళ్ల గొంతులు దక్కినందుకు నాయుడికి చేతులెత్తి మొక్కారు. ఆయన మళ్లీ తోటకి వెళ్లలేదు.

ఇంట్లో కూర్చుని పైడమ్మని తలుచుకోబోయాడు. మొహం వచ్చింది, నుదుటి బొట్టు వచ్చింది, నడక వచ్చింది. గొంతు రాలేదు. ఎంత వెతుక్కున్నా ఆ రోగపు ఆకు ఆయాసమే చెవిలో మెదిలింది. ఈ పదేళ్లూ మిషన్ వినిపిస్తుంటే, తనంతట తాను గుర్తుచేసుకునే పని ఒక్కనాడూ పెట్టుకోలేదు. వాడకుండా వదిలేసిన జ్ఞాపకం తన దారిన తను పోయింది.

బస్సెక్కి చీపురుపల్లి వెళ్లాడు. అక్కడ పైడమ్మ చెల్లెలు అచ్చియ్యమ్మ ఉంది. ఒకప్పుడు ఫోనెత్తితే అక్కో చెల్లో పోల్చుకోలేక నాయుడే తికమకపడేవాడు.

"ఏటి బావా, కబురైనా లేకుండా వొచ్చినావు?"

"ఏదో ఒకటి మాటాడమ్మా. ఇంటాను."

చెట్టు గొంతు పోయిందని విని ఉన్న అచ్చియ్యమ్మకి సంగతి అర్థమైంది. ఎదురుగా కూర్చుని వానల గురించి, జీడితోట గురించి, ఈనిన మేక గురించి చెప్పుకుపోయింది. నాయుడు కళ్లు మూసుకుని విన్నాడు. చెప్పి చెప్పి ఆమె మెల్లగా అడిగింది.

"మా అక్క గొంతులాగే ఉన్నాదా, బావా?"

"ఉన్నాదమ్మా" అన్నాడు సన్యాసినాయుడు.

ఉందో లేదో ఆయనకి తెలియలేదు.