మైనస్ వైరు బాడీకి

కొండాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. ఆ రోజు వానకి ఆ కరెంటు కూడా పోయింది.

పాత కారు కొన్న కొత్తలో నాకు పాటల పిచ్చి పట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, డిక్కీ నిండా పట్టే వూఫర్ స్పీకరు, దానికో ఆంప్లిఫయర్ పెట్టించాను. బాస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారేవి. "పాత బ్యాటరీ మీద గింత బరువేందయ్యా?" అని నా భార్య ప్రవీణ మొత్తుకునేది. వింటే కదా!

ఇప్పుడు ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. వానకి ఆటోలు లేవు, అంబులెన్స్ ఎప్పుడొస్తుందో తెలీదు. వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పాను. టక్... టక్... అంతే. ఇంజిన్ లేవలేదు.

తాళం తీసేశాను. డిక్కీలోంచి చప్పుడు. ధబ్ ధబ్... ధబ్ ధబ్... పాట లేదు. ఉత్త వూఫర్ గుండెలా కొట్టుకుంటోంది. తడి దుప్పటి ముక్కిన వాసన వచ్చింది.

"ఆపరాదయ్యా దాన్ని..." అంది ప్రవీణ పళ్లు బిగబట్టి.

చందానగర్‌లో సిస్టమ్ బిగించిన ఎల్లేశానికి ఫోన్ చేశాను.

"ఆంప్లిఫయరే బ్యాటరీని తాగుతున్నదన్నా. నల్ల వైరు పీకెయ్, బండి లేస్తది."

"ఏడ కలిపినవ్?"

"బాడీకే. మైనస్ ఎప్పుడైనా బాడీకే ఇస్తం గద!"

డిక్కీ తెరిచి, ఫోన్ వెలుగులో నల్ల వైరు వెంట చెయ్యి పోనిచ్చాను. రేకు మీద బోల్టు దగ్గర అది ఆగలేదు. స్టెప్నీ కింద, మ్యాట్ అడుగున... మెత్తగా ఏదో తగిలింది. వెచ్చగా ఉంది.

"ఎల్లేశం... ఏ బాడీకి ఇచ్చినవ్?" అని అడిగాను.

"అదేందన్నా? కారుకు ఎన్ని బాడీలుంటయ్?"

పారిపోదామనిపించింది. వెనక సీట్లో ప్రవీణ అరిచింది. కళ్లు మూసుకుని పీకేశాను. చప్పుడు ఆగింది.

పరుగున వచ్చి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజిన్ లేచింది. బతికాంరా దేవుడా అనుకున్నాను.

"ఏమయ్యా..." ప్రవీణ రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి. "ఇప్పటిదాంక తన్నింది... ఇగ కదుల్తలేదు."

మళ్లీ డిక్కీకి ఉరికాను. తిరిగి కలుపుదామని మ్యాట్ ఎత్తాను. ఒట్టి రేకు. ఇంకేమీ లేదు. ఆస్పత్రికి పోయినా లాభం లేదని నాకప్పుడే తెలిసిపోయింది.

వైరు నా పిడికిట్లోనే ఉంది. వూఫర్‌లోంచి పసిబిడ్డ ఏడ్చింది. వెంటనే అందులోంచే ఎవరో జోకొడుతున్న చప్పుడు...

"ఊకో బిడ్డా... ఊకో."