రాని మాయ

ఆ శ్రావణం, పగటిపూట. సిరిసిల్ల అవతలి పల్లెలో కరెంటు లేక బట్ట నేసే సాంచాలన్నీ ఆగిపోయి, వాన చప్పుడొక్కటే వినిపిస్తోంది. నేతగాడు రాజం ఇంట్లో అతని భార్య భూలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. మొదటి రెండు కాన్పులూ కడుపు కోసి చేసినవే. పాత కోతకు మాయ అతుక్కుంటుందేమో, ఈసారి నొప్పులు రాకముందే కరీంనగర్ వచ్చి చేరమని డాక్టరమ్మ చెప్పే ఉంది. నొప్పులేమో పది రోజులు ముందే వచ్చాయి. వాగు పొంగి బస్సు రాలేదు. చేసేది లేక మంత్రసాని శంకరవ్వను పిలుచుకొచ్చారు.

ఆడపిల్ల, తేలిగ్గానే పుట్టింది. బొడ్డు కోసి పక్కన పడుకోబెట్టింది శంకరవ్వ. ఇక మాయ పడాలి. గంట దాటినా పడలేదు.

గదినిండా గంజి వాసన, తడినూలు వాసన. వాటి కింద సన్నగా నెత్తురు వాసన.

ఇరవై ఏళ్ల కింద పక్క ఊళ్లో దేవవ్వ అనే బాలింతకు ఇలాగే మాయ రాకపోతే శంకరవ్వ బలవంతంగా గుంజింది. నెత్తురు ఆగలేదు. ఆపమని శంకరవ్వ చెయ్యి పట్టుకున్న పెనుగులాటలో పచ్చగాజులు చిట్లి, దేవవ్వ ఆమె చేతుల్లోనే పోయింది. గుంజిన సంగతి మాత్రం శంకరవ్వ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు బొడ్డుతాడును వేళ్లకు చుట్టుకుని మెల్లగా లాగి చూసింది.

తాడు బిగుసుకుంది.

పట్టు సడలించింది. తాడు సడలలేదు... లోపలికి పోతోంది. కొంచెం... ఇంకొంచెం... అవతల ఎవరో గుంజుకుంటున్నట్టు.

భూలక్ష్మి కళ్లు తెరవకుండానే గొణిగింది.

"గుంజకు అవ్వా. ఆమె వద్దంటుంది."

"ఎవరు బిడ్డా?"

"దేవవ్వనట..."

శంకరవ్వ తాడు వదిలేసి, ట్రాక్టర్ తెమ్మని రాజాన్ని తరిమింది. అప్పటికి మోకాటిలోతుకు తగ్గిన వాగు దాటి, పొద్దుగూకక ముందే కరీంనగర్ చేరారు.

మాయ పాత కోతలోకి వేళ్లు దన్నిందని, విడదీయబోతే నెత్తురు ఆగదని, గర్భసంచే తీసెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. రాజమూ, వెంట వచ్చిన ఇద్దరు నేతగాళ్లూ నెత్తురిచ్చారు. భూలక్ష్మి బతికింది. తానేమన్నదో ఆమెకు గుర్తు లేదు.

"నువ్వు గుంజకపోవుడే మంచిదైంది," అన్నది డాక్టరమ్మ. శంకరవ్వ తల వంచుకుంది.

మూడోనాడు దవాఖాన వరండాలో పిల్లకు నీళ్లు పోస్తూ శంకరవ్వ చూసింది, కుడి పిడికిలి విప్పడం లేదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి ఒక్కొక్క వేలే విప్పింది.

అరచేతిలో పచ్చ గాజుముక్క. ఏళ్ల తరబడి నీళ్లలో నానినట్టు అంచులు అరిగిపోయి ఉంది.

తీయబోయింది. పిల్ల ఏడవలేదు. శంకరవ్వ కళ్లలోకే చూస్తూ, మెల్లగా పిడికిలి మూసింది.