కోటు తొడుక్కున్న ప్రభుదాస్

చనిపోయి మూడు నెలలైన మనిషికి ఉత్తరం వచ్చింది. "ప్రియమైన ప్రభుదాస్ గారూ, మా సెల్‌ఫోన్ కనెక్షన్ తీసుకున్నందుకు కృతజ్ఞతలు" అని ఉంది అందులో.

ఆ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి రిబ్కా చెయ్యి చప్పున వెనక్కి తీసుకుంది. 2008 ఫిబ్రవరి. తెనాలి బోసు రోడ్డులో మేడ మీద గది. టెలిఫోన్ శాఖలో పాతికేళ్లు పనిచేసి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్న నాగుల్ మీరా అప్పుడే నమాజు ముగించుకుని వచ్చి కూర్చున్నాడు. పక్కన ఆయన సహాయకుడు ఇస్సాకు నోటుపుస్తకం తెరిచాడు. ఇస్సాకుకి మీరాగారంటే ఎంత గురి అంటే, ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకుంటాడు.

"మాది రేపల్లె అండి. టీచర్ని. పోయిన ఆగస్టు వరదల్లో పెనుమూడి దగ్గర మావారు కృష్ణలో కొట్టుకుపోయారు. నాలుగో రోజు దొరికారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. బెల్టు చూసి మా అత్తయ్య అచ్చమ్మగారు ఔనన్నారు. పాతిపెట్టాం. నవంబరులో ఈ ఉత్తరం వచ్చింది."

"తర్వాత?"

"అప్పట్నుంచి సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఫోన్ మోగుతోంది. ఉత్తరంలో ఉన్న నంబరే. మేం చేస్తే ఎత్తరు. మాట్లాడరు. ఊపిరి వినపడుద్ది. వెనకాల నీళ్ల చప్పుడు... ఒడ్డుకి కొట్టుకుని వెనక్కి పోతున్నట్టు. అత్తయ్య రోజూ 'ప్రభూ, అన్నం తిన్నావా' అని అడుగుతారండి. సమాధి మీద రాయి వెయ్యనివ్వట్లేదు. మొన్న మునిమాపు వేళ పెనుమూడి రేవులో నడుం లోతు దిగిపోయి పిలుస్తుంటే జాలర్లు పట్టుకొచ్చారు. ఇంకోసారి వాళ్లు చూడకపోతే?" రిబ్కా ఉత్తరాన్ని మీరా ముందుకి జరిపింది. "ఆయన బతికున్నారో లేదో తేల్చండి సార్. ఏదైనా సరే, భరిస్తాను."

"కనెక్షన్ ఇచ్చారంటే ఎవరో ఫారం నింపి ఉండాలి" అన్నాడు మీరా. "పేరు మీవారిది, చిరునామా మీది. ఆ ఫారం చూపించమని అడిగే హక్కు మీకుంది. ఇస్సాకూ, రేపు బాపట్లలో వాళ్ల ఆఫీసుకెళ్లు. ఉట్టి చేతుల్తో రాకు."

ఇస్సాకు మధ్యాహ్నం దాకా బెంచీ మీద కదలకుండా కూర్చుని ఫారం నకలు సంపాదించాడు. తేదీ నవంబరు పద్నాలుగు. కింద ప్రభుదాస్ అన్న సంతకం, వెనక రేషన్ కార్డు నకలు. పైన ఫొటో. నల్ల కోటు, టై, నుదుటి మీదికి పడిన ఒక జుట్టుపాయ, చిన్న నవ్వు. రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఇస్సాకుకి, ఆ మనిషి తన వంకే చూస్తున్నట్టనిపించి కాగితం బోర్లించాడు.

ఫారం అడుగున ఇంకో సంతకం ఉంది. కొనేవాణ్ణి కళ్లారా చూశానని, అసలు కార్డుతో సరిపోల్చానని దుకాణదారు పెట్టేది: రేపల్లె స్టేషన్ రోడ్డు, వరప్రసాదం.

మర్నాడు సాయంత్రం వాళ్లిద్దరూ రేపల్లెలో అచ్చమ్మ ఇంట్లో ఉన్నారు. గోడ మీద, ప్రభుదాస్ పోయాక జరిపిన ఆదరణ కూడికలో పంచిన కార్డు చట్రం కట్టించి ఉంది. అందులో అతను తెల్లచొక్కాలో ఉన్నాడు.

"కార్డు ఎవరు చేయించారమ్మా?"

"మా అన్నయ్యండి, స్టేషన్ రోడ్డులో. జులైలో ఒక పెళ్లి గుంపులో దిగిన ఫొటో ఇచ్చి, తెల్లచొక్కాలోనే ఉండాలని చెప్పి పంపాను. మొదటిసారి కుదర్లేదని, మళ్లీ వెళ్లి మార్పించి తెచ్చాడు" అంది రిబ్కా.

అచ్చమ్మ ఫారం మీది ఫొటోని వేలితో నిమిరింది. "మావోడు ఏ పట్నంలోనో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు బాబూ. లేకపోతే కోటేంటి? వాడి జన్మలో కోటు తొడిగాడా?"

ఆరైంది. ఫోన్ మోగింది. అచ్చమ్మ రిసీవరెత్తి, "ప్రభూ" అంది. తర్వాత దాన్ని మీరా చెవికీ తన చెవికీ మధ్య పట్టుకుంది. ఇస్సాకు వంగి విన్నాడు. సర్‌ర్... ఆగింది. సర్‌ర్... ఆగింది. నది ఊపిరి తీస్తున్నట్టే ఉంది. ఇస్సాకు పెదాలు తనకు తెలియకుండానే బైబిల్లోని ఇరవైమూడో కీర్తన అందుకున్నాయి.

అంతలో కరెంటు పోయింది. ఊరంతా ఒక్కసారిగా చీకటి. ఆ చీకట్లో ఫోనులో నీళ్ల చప్పుడు సగంలో తెగిపోయింది. కానీ ఊపిరి మాత్రం వినిపిస్తూనే ఉంది.

"ప్రభూ, అన్నం తిన్నావా?" అంది అచ్చమ్మ. అవతల చిన్నగా వెక్కినట్టయి, ఫోన్ తెగింది.

"విన్నావా ఇస్సాకూ?" అన్నాడు మీరా మెల్లగా. "రేపల్లెలో కరెంటు పోతే ఆగే నది."

పొద్దున్నే వరప్రసాదం దుకాణానికి వెళ్లారు. ఫొటోలు, జిరాక్స్, సెల్ కనెక్షన్లు, మూడూ అక్కడే. అక్కడ పనిచేసే ముప్పయ్యేళ్ల నీరజ జిరాక్స్ మెషిన్ దగ్గర తలెత్తకుండా కాగితాలు తీస్తోంది.

"రండి బాబాయ్ గారూ, ఏం కావాలండి?" అన్నాడు వరప్రసాదం.

"మా ఇస్సాకుకి కోటు వేసి ఒక ఫొటో చెయ్యాలి" అన్నాడు మీరా.

వరప్రసాదం పకపకా నవ్వాడు. "అప్పుడే ఎందుకండి? అన్నయ్యగారు గుండ్రాయిలా ఉన్నారు!"

ఇస్సాకుకి ఆ నవ్వు నచ్చలేదు. ముఖం తిప్పుకుని అద్దాల బీరువా వైపు చూశాడు. అందులో నాలుగు పెద్ద ఫొటోలు. కింద రాసిన పేర్లను బట్టి నలుగురూ వేర్వేరు ఊళ్ల పెద్దమనుషులు. వాళ్లలో ఏదో తేడాగా అనిపించింది. అదేంటో మాత్రం తెలియలేదు.

ఆదివారం సాయంత్రం అచ్చమ్మ ముందుగదిలో అందరూ కూర్చున్నారు: అత్తా కోడళ్లు, వరప్రసాదం, నీరజ, బాపట్ల నుంచి వచ్చిన కంపెనీ అధికారి. మీరా గోడ మీది చట్రాన్ని దించి ఫారం పక్కన పెట్టాడు.

"నవంబరులో తీసిన ఫొటో అని ఫారం చెబుతోంది. జులైలో పెళ్లి గుంపులో తీసిన ఫొటో నుంచి ఈ కార్డు చేశారు. రెంటిలోనూ నుదుటి మీద జుట్టుపాయ చూడండి. నాలుగు నెలల తేడాలో ఒక మనిషి జుట్టు ఒక్క వెంట్రుక కూడా అటూ ఇటూ కాకుండా పడుద్దా? ఇది ఒకే ఫొటో. చొక్కాయే మారింది."

"మరి కోటు ఎక్కడిదండి?" అంది రిబ్కా.

"వరప్రసాదంగారి బీరువాలో నలుగురున్నారు. నలుగురికీ ఒకటే కోటు, ఒకటే టై. టై ముడి దగ్గర మడత కూడా ఒకటే. కనుక్కుంటే, ఆ నలుగురూ పోయినవాళ్లే. అందుకే ఇస్సాకుకి కోటు అడిగితే 'అప్పుడే ఎందుకు' అని నవ్వాడు. ఆ కోటు కంప్యూటర్లో ఉంటుంది. బతికున్నవాళ్లకి వెయ్యడు. ప్రభుదాస్‌కి కోటు వేశాడంటే, పోయాకే వేశాడు. మీ అన్నయ్య వద్దని మార్పించిన మొదటి కార్డు అదేనమ్మా. మరణ ధ్రువపత్రం కోసం మీరు రేషన్ కార్డు జిరాక్సు అక్కడే తీయించుకుంటే, ఒకటి ఎక్కువ తీసి ఉంచుకున్నాడు."

అధికారి వరప్రసాదం వైపు తిరిగాడు. "కొనేవాణ్ణి కళ్లారా చూశానని సంతకం పెట్టావు కదయ్యా?"

"ఏం చెయ్యమంటారండి?" వరప్రసాదం చెమట తుడుచుకున్నాడు. "నెలకిన్ని కనెక్షన్లని మీరేగా మెడ మీద కూర్చునేది! బతికున్నోడి పేరైతే గొడవకొస్తాడు. పోయినోళ్లకి ఏం నష్టమండి?"

మీరా నీరజ వైపు చూశాడు. "నీళ్ల చప్పుడు జిరాక్స్ మెషినుది. ఊపిరి ఎవరిది తల్లీ?"

నీరజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాదేనండి. వాడుకలో ఉన్నట్టు కనపడాలని రోజూ ఒక్కో సిమ్ నుంచి ఒక ఫోన్ చెయ్యమనేవారు. పోయినవాళ్ల సంతకాలు నాచేతే పెట్టించారు. పాపభయంతో నిద్ర పట్టలేదు. ఫారం మీదున్న ఈ ఇంటి నంబరుకే చేసి, నిజం చెప్పేద్దామనుకున్నాను. పెద్దమ్మగారు ఎత్తగానే 'ప్రభూ' అన్నారు. ఇక నోరు పెగల్లేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని రోజూ చేశాను. రోజూ 'అన్నం తిన్నావా' అనే అడిగారు."

అధికారి కనెక్షన్ అప్పుడే కోయించాడు. వరప్రసాదం దుకాణం మీద పోలీసు కేసు, కంపెనీ మీద వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు, రెండు కాగితాలూ ఇస్సాకు రాసే ఉంచాడు. రిబ్కా రెండింటి మీదా సంతకాలు చేసింది.

అచ్చమ్మ మీరా వైపు చూసింది. ఇస్సాకు తల వంచుకున్నాడు. అబద్ధం మీద నిలబడిన ఆశని కూల్చడం పుణ్యమా, పాపమా? దేవుణ్ణి అడగాల్సిన ప్రశ్న అది.

"అయితే నా కొడుకు లేడా బాబూ?"

"నేను చెప్పగలిగింది ఒక్కటేనమ్మా. ఉన్నాడని చెప్పిన సాక్షి ఈ ఫారం ఒక్కటే. అది అబద్ధం."

ముసలమ్మ చాలాసేపు ఫోన్ వంక చూసింది. గడియారంలో ఆరైంది. ఆరూ పది దాటింది. అది మోగలేదు.

"ఆ బెల్టు నేనే కొనిచ్చాను" అంది చివరికి. "రేవులో చూసిన రోజే తెలుసు. తెలిసినా..." నీరజని దగ్గరికి పిలిచి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"సమాధికి రాయి చెప్పవే రిబ్కా. ఫొటో తెల్లచొక్కాదే పెట్టించు."