ముగింపు అంకె

లిఫ్టు తలుపు తెరుచుకుంటూ "సున్నా" అంది. జోగారావు విశాఖలోని తన కార్యాలయంలోకి నడిచాడు.

ఆ కాలంలో ప్రతి యంత్రమూ పని ముగించగానే ఒక ముగింపు అంకె చెప్పేది. సున్నా అంటే అంతా సవ్యం. మరే అంకె వచ్చినా తప్పు జరిగినట్టు. ఈ ఏకసూచిక పద్ధతిని ముప్పై ఏళ్ల క్రితం సి అనే కంప్యూటర్ భాషలో రాసింది జోగారావే. యంత్రం సున్నా చెబితే తప్పు పక్కనున్న మనిషిదేనని చట్టం కూడా వచ్చింది.

ప్రోగ్రాంలు తనిఖీ చేసే మందాకిని అతని కోసమే ఎదురుచూస్తోంది.

"రోగులకి గాలి అందించే ఊపిరిపెట్టె ప్రోగ్రాం చూడండి సార్. గాలి ఆగితే ఒకటి చెప్పి ముగియాలి. కానీ ముగిసేముందు అన్నీ సర్దే భాగం నడుస్తోంది. దాని చివర మీరు సున్నా పెట్టారు. ఆ ఒకటి పోయి సున్నాయే బయటికి వస్తోంది."

జోగారావు ఆ వరుసను మళ్ళీ మళ్ళీ చదివాడు. తన రాతే.

"ఎంతమంది పోయారు?"

"ఇరవై ఇద్దరు. వాళ్ళ పక్కనున్నవాళ్ళు జైల్లో ఉన్నారు."

విషయం విన్న కార్యాలయం డైరెక్టరు తొణకలేదు. "సరిచేసి ఊరుకోండి. పాత కేసులు తవ్వితే ఇక ఏ సున్నానీ ఎవరూ నమ్మరు."

జోగారావు వరుస సరిచేశాడు. ఆ మధ్యాహ్నమే విజయనగరం జైలుకు వెళ్ళాడు. శిక్ష పడ్డవాళ్ళ జాబితాలో మొదటి పేరు అప్పలకొండ. భర్త ఊపిరిపెట్టెను ఆపి అతన్ని చంపిందని మూడేళ్ళుగా శిక్ష అనుభవిస్తోంది.

అతను జరిగిందంతా చెప్పాడు. ఆమె కదలకుండా విన్నది.

"తప్పు నాదమ్మా. మీది కాదు. కోర్టులో చెబుతాను."

"కాదు బాబూ. నానే ఆపీసినాను."

"మరి మొదట్లో ఆపలేదన్నారట కదా?"

"అన్నాను. పెట్టె సున్నా అన్నాది. దాని తప్పు కాకపోతే మరెవుల్ది? రోజూ అదే ఆలోచించగా గేపకమొచ్చింది. గొట్టం మీద గాలి కట్టేసే మర ఎడమేపు తిప్పినాను. సల్లగుంది."

జోగారావు తల అడ్డంగా ఊపాడు. "ఆ పెట్టెకి మర ఉండదమ్మా. మూసే వీలే లేదు."

అప్పలకొండ తన కుడి అరచేయి తెరిచి, చాలాసేపు చూసుకుంది.

"నీకు తెలీదు బాబూ," అంది మెల్లగా. "తిప్పినప్పుడు ఆయన నాకేసే సూసినాడు."